ఐదు కార్పొరేషన్లు వచ్చాయి, కార్పొరేటర్ ఇంకా రాలేదు

2025 సెప్టెంబర్ 2 నుంచి బెంగళూరులో బీబీఎంపీ, అంటే బృహత్ బెంగళూరు మహానగర పాలికె, లేదు. చెత్త బండి రాకపోయినా, వీధి దీపం వెలగకపోయినా, ఇంటి పన్ను రసీదులో తప్పు పడినా పద్దెనిమిదేళ్లుగా జనం తలచుకున్న పేరు అది. దాని స్థానంలో సెంట్రల్, ఈస్ట్, వెస్ట్, నార్త్, సౌత్ అని ఐదు సిటీ కార్పొరేషన్లు వచ్చాయి. వాటన్నిటి మీద గ్రేటర్ బెంగళూరు అథారిటీ, అంటే జీబీఏ, కూర్చుంది. కేఆర్ పురం, మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఇప్పుడు ఈస్ట్ కార్పొరేషన్ కిందికి వస్తాయి. బీటీఎం లేఅవుట్, బొమ్మనహళ్లి వాళ్లు సౌత్‌లో పడ్డారు. చిక్కపేటలో తరాలుగా వ్యాపారం చేసుకుంటున్న వాళ్లు సెంట్రల్‌కు చెందుతారు.

ఈ మార్పు మీద జరిగిన చర్చలో చాలా భాగం ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది. ఇంత పెద్ద ఊరికి ఒక కార్పొరేషన్ మేలా, ఐదు మేలా? అడగాల్సిన ప్రశ్నే. కానీ దానికంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది. 2020 సెప్టెంబర్ 10న బీబీఎంపీ పాలకమండలి గడువు ముగిసింది. మేయర్ గౌతమ్ కుమార్‌తో పాటు 198 వార్డుల కార్పొరేటర్లూ ఆ రోజుతో మాజీలయ్యారు. 2025 ముగిసే నాటికి కూడా వాళ్ల స్థానంలోకి ఒక్కరూ ఎన్నికై రాలేదు. ఐదేళ్లకు పైగా నగర బడ్జెట్‌ను అధికారులే తయారు చేశారు, అధికారులే ఆమోదించారు, అధికారులే ఖర్చు పెట్టారు. ఒక పాలకమండలికి రాజ్యాంగం ఇచ్చే పూర్తి కాలం, పాలకమండలి అనేదే లేకుండా గడిచిపోయింది.

అదే సమయంలో చట్టసభ మాత్రం ఖాళీగా లేదు. ఈ ఐదేళ్లలో బెంగళూరు కోసం రెండు కొత్త చట్టాలు వచ్చాయి, వార్డుల హద్దులు మూడుసార్లు మారాయి. చట్టం మారుతూ పోవడానికీ ఎన్నిక జరగకుండా పోవడానికీ మధ్య ఉన్న ముడిని అర్థం చేసుకోకుండా ఐదు కార్పొరేషన్ల మంచిచెడులు తేల్చలేం.

గడువు రాజ్యాంగానిది, కలం రాష్ట్రానిది

1992లో పార్లమెంటు ఆమోదించిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. దాని ద్వారా చేరిన 243యూ అధికరణం మున్సిపాలిటీ పదవీకాలాన్ని ఐదేళ్లుగా ఖరారు చేసింది. ఆ ఐదేళ్లు ముగిసేలోపే తర్వాతి ఎన్నిక పూర్తి కావాలి. మధ్యలో రద్దు చేస్తే ఆరు నెలల్లోపు జరపాలి. ప్రభుత్వానికి కుదిరినప్పుడు జరుపుకోవచ్చన్న వెసులుబాటు ఇందులో ఎక్కడా లేదు. సుప్రీంకోర్టు 2006లో కిషన్ సింగ్ తోమర్ కేసులో ఈ మాటను గట్టిగానే చెప్పింది. 2022 మేలో సురేశ్ మహాజన్ కేసులో ఇంకో అడుగు ముందుకు వేసి, వార్డుల పునర్విభజన పూర్తి కాలేదన్న కారణంతో ఎన్నిక ఆపకూడదని, పాత వార్డులతోనైనా జరపాలని తేల్చింది.

మరి ఇంత స్పష్టంగా ఉన్నా ఎన్నిక ఎలా ఆగుతోంది? స్థానిక సంస్థలు రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితా కిందికి వస్తాయి. నగరం హద్దు ఎక్కడి వరకు, వార్డులు ఎన్ని, మేయర్ ఎన్నాళ్లు ఉండాలి, ఏ పన్ను వేయొచ్చు, ఏ పని చేయొచ్చు అన్నవన్నీ రాష్ట్ర శాసనమే నిర్ణయిస్తుంది. ఎన్నిక జరపాలన్న గడువు రాజ్యాంగం పెట్టింది, ఆ ఎన్నిక జరిగే వార్డును గీసే కలం మాత్రం రాష్ట్రం చేతిలో ఉంది. కొత్త చట్టం వచ్చిందంటే పాత వార్డు ఆ చట్టం దృష్టిలో లేనట్టే. కొత్త వార్డులు గీయాలంటే ముసాయిదా ప్రకటించాలి, అభ్యంతరాలు తీసుకోవాలి, తుది నోటిఫికేషన్ ఇవ్వాలి. ఆ తర్వాత ఏ వార్డు ఎవరికి రిజర్వ్ అయిందో జాబితా తయారు కావాలి. ఆ జాబితా మీద ఎవరో ఒకరు కోర్టుకు వెళతారు. ఒక్కో మెట్టూ విడిగా చూస్తే న్యాయంగానే ఉంటుంది. అన్నీ కలిస్తే ఏళ్లు పోతాయి.

బెంగళూరులో అచ్చంగా ఇదే జరిగింది. 2020లో గడువు దగ్గర పడ్డాక వార్డులను 198 నుంచి 243కు పెంచాలని అప్పటి బీజేపీ ప్రభుత్వం నిర్ణయించింది. ఆ పెంపు కోసం ఆగక్కర్లేదని, 198 వార్డులతోనే ఎన్నిక జరపమని కర్ణాటక హైకోర్టు ఆ ఏడాది డిసెంబర్‌లో ఆదేశించింది. అదే నెలలో సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. 2021 జనవరిలో బీబీఎంపీ చట్టం అమల్లోకి వచ్చింది. అంతవరకు నగరం 1976 నాటి కర్ణాటక మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం కింద నడిచేది. 243 వార్డుల పునర్విభజన 2022 జులైకి గానీ తేలలేదు. వెంటనే వచ్చిన రిజర్వేషన్ల జాబితాను హైకోర్టు సెప్టెంబర్ 30న కొట్టేసి, కొత్త జాబితాతో ఆ ఏడాది చివరికల్లా ఎన్నిక ముగించమంది. అదీ జరగలేదు. 2023 మేలో ప్రభుత్వం మారింది. కొత్తగా వచ్చిన కాంగ్రెస్ ప్రభుత్వం 243ను 225 చేసింది. ఆ 225 కూడా కాగితం దాటలేదు. 2024 జులైలో గ్రేటర్ బెంగళూరు బిల్లు సభ ముందుకు వచ్చింది. రిజ్వాన్ అర్షద్ అధ్యక్షతన ఉభయ సభల కమిటీ దాన్ని పరిశీలించింది. 2025 మార్చిలో సభలు ఆమోదించాయి. గవర్నర్ ఒకసారి వివరణ కోరుతూ తిప్పి పంపి, ఏప్రిల్‌లో సంతకం చేశారు. మే 15న చట్టం అమల్లోకి వచ్చింది, సెప్టెంబర్‌లో ఐదు కార్పొరేషన్లు ఏర్పడ్డాయి, నవంబర్‌లో మొత్తం 369 వార్డులు ఖరారయ్యాయి.

రెండు పార్టీలు, ఒకటే ఫలితం. ఒకరు వార్డులు పెంచి ఆపితే, ఇంకొకరు తగ్గించి, మళ్లీ పెంచి, సంస్థనే విడదీసి ఆపారు. ఇందులో ఎవరి ఉద్దేశం ఏమిటో నిరూపించడం కష్టం. కానీ లాభం ఎవరికి అన్నది దాచినా దాగదు. బెంగళూరు నగరానికి 28 మంది ఎమ్మెల్యేలు ఉన్నారు. కార్పొరేటర్ లేని కాలంలో డ్రైనేజీ పని ఏ వీధిలో ముందు మొదలవ్వాలో, నిధులు ఏ కాలనీకి వెళ్లాలో ఎమ్మెల్యే మాటే చెల్లుతుంది. వార్డు ఇంజనీరుకు ఫోన్ చేసి అడిగే ఇంకో ప్రజాప్రతినిధి ఉండడు. వార్డులో పేరు తెచ్చుకున్న కార్పొరేటర్ రేపు అసెంబ్లీ టికెట్‌కు పోటీదారు కూడా అవుతాడు. అధికార పక్షమైనా ప్రతిపక్షమైనా ఎన్నిక ఆలస్యమైందని ఎమ్మెల్యేలు గొంతు చించుకున్న సందర్భాలు తక్కువగా ఉండటానికి కారణం ఇంతకంటే లోతుగా వెతకనక్కర్లేదు.

ఇది బెంగళూరుకు కొత్త కాదు. 2006 నవంబర్‌లో పాత మహానగర పాలికె గడువు ముగిసింది. 2007 జనవరిలో చుట్టూ ఉన్న ఏడు సిటీ మున్సిపాలిటీలను, కెంగేరి పట్టణ మున్సిపాలిటీని, 110 గ్రామాలను కలిపి బీబీఎంపీ చేశారు. దానికి మొదటి ఎన్నిక 2010 మార్చిలో జరిగింది. 2015లోనూ పాలకమండలిని గడువుకు కాస్త ముందు రద్దు చేసి, ఊరిని విడదీసే బిల్లు తెచ్చారు. నగర పాలనను ఎలా మార్చాలో చూసేందుకు వేసిన బి.ఎస్. పాటిల్ కమిటీ పని చేస్తున్న రోజులవి. ఆ బిల్లు అప్పుడు చట్టం కాలేదు. కోర్టుల జోక్యంతో ఆగస్టులో ఎన్నిక జరిగింది. తెలుగు పాఠకులకు ఇంకా దగ్గరి ఉదాహరణ విశాఖపట్నం. అక్కడ 2012లో పాలకమండలి గడువు ముగిస్తే మళ్లీ ఎన్నిక 2021లో జరిగింది. చెన్నైలో 1973 నుంచి 1996 వరకు ఎన్నికైన కౌన్సిలే లేదు. 74వ సవరణ వచ్చిన తర్వాత కూడా అక్కడ 2016 నుంచి 2022 దాకా అధికారులే నడిపారు.

జీబీఏ ఎవరిది

కొత్త చట్టంలో అసలు బరువు ఐదు కార్పొరేషన్ల మీద కాదు, పైనున్న జీబీఏ మీద ఉంది. దానికి ముఖ్యమంత్రి అధ్యక్షుడు. బెంగళూరు అభివృద్ధి శాఖ మంత్రి ఉపాధ్యక్షుడు. 2025లో ఆ శాఖ ఉప ముఖ్యమంత్రి డి.కె. శివకుమార్ దగ్గర ఉంది. నగరానికి చెందిన మంత్రులు, ఎంపీలు, ఎమ్మెల్యేలు, వివిధ సంస్థల అధిపతులు సభ్యులు. ఐదుగురు మేయర్లూ అందులో ఉంటారు, కానీ ఐదుగురే ఉంటారు. నగర ప్రణాళిక రచించే బాధ్యత కూడా బీడీఏ (బెంగళూరు అభివృద్ధి సంస్థ) నుంచి జీబీఏకు వచ్చింది. పెద్ద రోడ్లు, పెద్ద ప్రాజెక్టులు దాని పరిధిలోవి.

ప్రభుత్వం దీనికి చెప్పే కారణాన్ని తేలిగ్గా తీసేయకూడదు. బెంగళూరులో ఏ పనికి ఎవరు జవాబుదారీ అని అడిగితే సూటి జవాబు ఎప్పుడూ దొరకలేదు. నీళ్లు, మురుగునీరు 1964 చట్టంతో ఏర్పడిన జలమండలివి. లేఅవుట్లు 1976 చట్టంతో వచ్చిన బీడీఏవి. బస్సులు బీఎంటీసీవి, కరెంటు బెస్కాంది, మెట్రో ఇంకో కంపెనీది. ఒక్కోటీ ఒక్కో దారిన పుట్టింది, ఏ ఒక్కటీ కార్పొరేషన్‌కు లెక్క చెప్పదు. కార్పొరేషన్ తారు వేసిన రోడ్డును జలమండలి పైపు కోసం తవ్వడం, దాన్ని పూడ్చాక కేబుల్ కోసం మరొకరు తవ్వడం అందరూ చూసినదే. వీళ్లందరినీ ఒక్క గదిలో కూర్చోబెట్టగల మనిషి ముఖ్యమంత్రి ఒక్కరే అన్న వాదనలో నిజం ఉంది.

ఇబ్బంది ఏమిటంటే, ఆ గదిలో ఓటు బలం ఎవరిదన్నది. ఇలాంటి మహానగరాల ప్రణాళిక కోసం రాజ్యాంగం 243జెడ్‌ఈ అధికరణంలో మెట్రోపాలిటన్ ప్లానింగ్ కమిటీని ఏర్పాటు చేయమంది. అందులో కనీసం మూడింట రెండు వంతుల మంది మున్సిపాలిటీల సభ్యులు, పంచాయతీల అధ్యక్షుల నుంచి ఎన్నికైన వాళ్లు ఉండాలని షరతు పెట్టింది. జీబీఏలో ఆ నిష్పత్తి తలకిందులైంది. స్థానిక ఎన్నికలో గెలిచిన వాళ్లు పిడికెడు మంది, రాష్ట్రం నుంచి వచ్చిన వాళ్లు మిగతా అంతా. ముఖ్యమంత్రి అధ్యక్షత వహించే సమావేశంలో ఒక మేయర్ లేచి మా ఊరికి ఈ ఫ్లైఓవర్ వద్దు అని ఓటు వేయించగలడా? కాగితం మీద వేయించగలడు. జరుగుతుందని నమ్మడం కష్టం. సమన్వయం కోసం అధికారాన్ని పైకి లాగితే, కిందున్న కార్పొరేషన్‌కు మిగిలేది చెత్త, వీధి దీపాలు, గుంతలు పూడ్చడం, పన్ను వసూలు. జనం తిట్టే పనులన్నీ కార్పొరేషన్‌వి, జనం అడగాల్సిన పెద్ద నిర్ణయాలన్నీ అందనంత ఎత్తులో ఉండేవి అవుతాయి.

నీళ్ల సంగతే చూడొచ్చు. 2007లో 110 గ్రామాలను కలిపినప్పుడు అక్కడి వాళ్లు నగరవాసులయ్యారు, నగర పన్నులు కట్టారు. ఆ గ్రామాల కోసం రోజుకు 775 మిలియన్ లీటర్లు తెచ్చే కావేరి ఐదో దశ పథకం ప్రారంభమైంది 2024 అక్టోబర్ 16న. మధ్యలో పదిహేడేళ్లు. మహదేవపుర వైపు అపార్ట్‌మెంట్లలో ఉండే తెలుగు కుటుంబాలు నెలనెలా మెయింటెనెన్స్ బిల్లులో ట్యాంకర్ ఖర్చు చూసుకుంటూ గడిపిన కాలం అది. 2024 ఎండాకాలంలో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ రేట్లను ప్రభుత్వమే నిర్ణయించాల్సిన పరిస్థితి వచ్చింది. ఏళ్ల తర్వాత 2025 ఏప్రిల్‌లో జలమండలి నీటి చార్జీలు పెంచింది. ఈ నిర్ణయాల్లో దేని మీదా నగర కౌన్సిల్‌లో చర్చ జరగలేదు. కౌన్సిల్ లేదు, ఉన్నా జలమండలి దానికి లోబడి ఉండదు. కార్పొరేషన్ ఒకటి ఉన్నా ఐదున్నా ఈ ఏర్పాటు మారనంత కాలం కుళాయి గురించి కార్పొరేటర్ చేయగలిగేది సిఫారసే.

చట్టంలో మెచ్చుకోవాల్సినవీ ఉన్నాయి. 1976 నాటి చట్టం కింద మేయర్ పదవి ఏడాదే. 2015 నుంచి 2020 వరకు ఐదేళ్లలో ఐదుగురు మేయర్లు మారారు. శాఖల పేర్లు, ఫైళ్లు అర్థమయ్యేసరికి దిగిపోయే పదవి అది. ఇప్పుడు రెండున్నరేళ్లు ఉంటుంది. ఐదేళ్లు ఇచ్చి ఉంటే ఇంకా బాగుండేది, అయినా ఏడాది కంటే చాలా నయం. వార్డులు కూడా చిన్నవయ్యాయి. 2011 జనాభా లెక్కల్లో బీబీఎంపీ పరిధిలో సుమారు 84.4 లక్షల మంది ఉన్నారు. దాన్ని 198తో భాగిస్తే వార్డుకు 42 వేలకు పైనే, 369తో భాగిస్తే దాదాపు 23 వేలు. కార్పొరేటర్‌ను ముఖం చూసి గుర్తుపట్టగల దూరం అది.

కాకపోతే ఆ 23 వేలు 2011 నాటివి. వైట్‌ఫీల్డ్, సర్జాపుర రోడ్డు, హొరమావు వైపు ఆ తర్వాత లేచిన టవర్లు ఎన్నో. ఈస్ట్ కార్పొరేషన్‌కు దక్కింది 50 వార్డులు, వెస్ట్‌కు 112. పాత జనాభా ప్రకారం ఇది సరైన పంపకమే. కానీ నిజంగా ఈ రోజు మనుషులు ఎక్కడ ఉన్నారో చూస్తే ఈస్ట్‌లో ఒక్కో కార్పొరేటర్ మీద పడే జనం పాత పేటల్లో కంటే బాగా ఎక్కువ ఉంటారు. ఐటీ ఉద్యోగాల కోసం వచ్చిన తెలుగు వాళ్లు ఎక్కువగా చేరింది సరిగ్గా ఆ వైపే. వచ్చే జనగణన లెక్కలు వచ్చాక ఈ వార్డుల్ని మళ్లీ గీయాలన్న మాట తప్పకుండా వస్తుంది. ఆ రోజు అది ఇంకో వాయిదాకు సాకు కాకుండా చూడటమే అసలు పని.

విడదీశాక డబ్బు

ఢిల్లీ ఈ దారిలో ముందే నడిచింది. 2012లో ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్‌ను నార్త్, సౌత్, ఈస్ట్ అని మూడు చేశారు. సౌత్ దగ్గర పన్ను కట్టే సంపన్న కాలనీలు ఉన్నాయి, మిగతా రెండింటికీ జీతాలు ఇవ్వడమే గగనమైంది. పారిశుధ్య కార్మికులు, డాక్టర్లు జీతాల కోసం సమ్మెలు చేశారు. పదేళ్ల తర్వాత 2022లో పార్లమెంటు చట్టం చేసి మూడింటినీ మళ్లీ ఒకటి చేసింది. బెంగళూరులోనూ ఆస్తి పన్ను వసూళ్లలో టెక్ పార్కులున్న మహదేవపుర జోన్ ఏళ్లుగా ముందుండేది. ఇప్పుడు ఆ రాబడి ఈస్ట్‌కు వెళ్తుంది. మిగతా కార్పొరేషన్ల లోటును రాష్ట్రం గ్రాంట్లతో పూడ్చాలి. గ్రాంటు హక్కుగా, ఒక సూత్రం ప్రకారం వస్తే ఒక రకం. ప్రతి ఏడాదీ వెళ్లి అడిగి తెచ్చుకోవాలంటే ఆ మేయర్ నోరు ఎంత పెగులుతుందో ఊహించవచ్చు.

ఇక్కడే ఎలక్ట్రానిక్ సిటీ గురించి ఒక మాట. అక్కడి పారిశ్రామిక ప్రాంతం ఈ ఐదు కార్పొరేషన్లలో దేనిలోనూ లేదు. ఎల్సిటా అనే ఇండస్ట్రియల్ టౌన్‌షిప్ అథారిటీ దాన్ని 2013 నుంచి నడుపుతోంది. రాజ్యాంగంలోని 243క్యూ అధికరణం ఇలాంటి పారిశ్రామిక పట్టణాలకు మినహాయింపు ఇచ్చింది. రోడ్లు, దీపాలు చక్కగా ఉంటాయని చాలామంది మెచ్చుకుంటారు, అందులో తప్పు లేదు. అయితే అక్కడ కౌన్సిల్‌ను ఎన్నుకునే ఓటు లేదు. సదుపాయం బాగుంటే ప్రాతినిధ్యం ఎందుకు అనే ఆలోచన అక్కడి నుంచి మిగతా ఊరికి పాకకూడదు.

ఖాతా కాగితంలో చట్టం

ఈ మార్పుల్లో సామాన్యుడికి నేరుగా తగిలేది, టెన్షన్ పెట్టేది ఖాతా. రాయలసీమ నుంచో కోస్తా నుంచో వచ్చి ఇరవై ఏళ్ల జీతం కూడబెట్టి ఒక సైటో ఫ్లాటో కొనుక్కున్న వాళ్లలో ఎందరికో అది బీ ఖాతా అని తర్వాత తెలిసింది. ఖాతా అంటే ఆస్తి పన్ను లెక్కలో పేరు, అంతే. యాజమాన్య హక్కును రుజువు చేసేది రిజిస్టర్ అయిన దస్తావేజు. ఆమోదం ఉన్న లేఅవుట్లు, అనుమతి ప్రకారం కట్టిన ఇళ్లు ‘ఏ’ రిజిస్టర్‌లోకి, మిగతావి ‘బీ’ రిజిస్టర్‌లోకి వెళ్లేవి. అనుమతి లేని కట్టడం నుంచి కూడా పన్ను తీసుకోవచ్చని, తీసుకున్నంత మాత్రాన అది సక్రమమైనట్టు కాదని 1976 చట్టానికి చేర్చిన 108ఏ సెక్షన్ చెప్పింది. అంటే పన్ను ‘ఏ’ ఖాతా వాళ్లతో సమానంగా కట్టాలి, బ్యాంకు లోను మాత్రం అంత సులభంగా రాదు, పైన ఇంకో అంతస్తు వేయడానికి ప్లాన్ దొరకదు.

అక్రమ సక్రమ పథకం కింద వీటిని క్రమబద్ధం చేయాలని ప్రభుత్వం ఎప్పటి నుంచో చూసింది. ఆ పథకం మీద 2017 జనవరిలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2024 చివరి నుంచి నగరంలో ఆస్తి రిజిస్ట్రేషన్‌కు ఈ-ఖాతా తప్పనిసరి అయింది. దాంతో పాత కాగితాల్లో పేరు తప్పులు, కొలతల తేడాలు అన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. 2025 నవంబర్ 1 నుంచి 100 రోజుల పాటు ‘బీ’ ఖాతా సైట్లను ‘ఏ’ ఖాతాలోకి మార్చే పథకం తెచ్చారు. 2,000 చదరపు మీటర్ల లోపు సైట్లకు గైడెన్స్ విలువలో, అంటే రిజిస్ట్రేషన్ కోసం ప్రభుత్వం నిర్ణయించే ధరలో, 5 శాతం కట్టాలని అప్పుడు పెట్టారు. ఉదాహరణకు చదరపు అడుగుకు గైడెన్స్ విలువ 5,000 రూపాయలు అనుకుంటే, 30 బై 40 సైటు విలువ 60 లక్షలు, కట్టాల్సింది 3 లక్షలు. ఇందులో చాలామంది గమనించని సంగతి, ఈ మార్పు సైటుకు వర్తిస్తుంది. దాని మీద ప్లాన్ లేకుండా కట్టిన ఇల్లు దీనివల్ల సక్రమం అయిపోదు.

దీనికి తోడు ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) గొడవ. కట్టడం అనుమతి ప్రకారమే పూర్తయిందని ఇచ్చే ఆ సర్టిఫికెట్ లేనిదే కరెంటు, నీటి కనెక్షన్ ఇవ్వకూడదని 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించేలా ఆదేశాలిచ్చింది. బెంగళూరులో లక్షల ఇళ్లకు ఓసీ లేదన్నది అందరికీ తెలిసిన రహస్యమే. కొత్తగా కట్టిన చిన్న ఇళ్ల వాళ్లు నెలల తరబడి తాత్కాలిక కనెక్షన్‌తో, ఎక్కువ రేటుతో గడిపారు. చివరికి 2025 అక్టోబర్‌లో ప్రభుత్వం కొత్త చట్టంలోని అధికారాన్ని ఉపయోగించి 1,200 చదరపు అడుగుల లోపు సైట్లలో కట్టిన చిన్న ఇళ్లకు ఓసీ నుంచి మినహాయింపు ఇచ్చింది.

ఈ నిర్ణయాలు మంచివి కావచ్చు. 30 బై 40 సైటులో ఇల్లు కట్టుకున్న కుటుంబానికి ఆ మినహాయింపు పెద్ద ఊరట. కానీ 5 శాతం ఎందుకు, 3 శాతం ఎందుకు కాదు? ఆ వసూలైన డబ్బు ఆ లేఅవుట్ రోడ్లకే ఖర్చు పెడతారా? 2,000 చదరపు మీటర్లకు ఇచ్చిన దారి అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటు కొన్నవాడికి మొదట్లోనే ఎందుకు ఇవ్వలేదు? కౌన్సిల్ ఉంటే ఏదో ఒక వార్డు సభ్యుడు లేచి ఈ ప్రశ్నలు అడిగేవాడు, జవాబు రికార్డయ్యేది. 2025 ఏప్రిల్ నుంచి ఆస్తి పన్నుతో పాటు వసూలు చేస్తున్న చెత్త రుసుము సంగతీ అంతే. ఇంటి విస్తీర్ణాన్ని బట్టి రేటు పెట్టారు. ప్రజల మీద కొత్త రుసుము వేయడానికి ప్రజలు ఎన్నుకున్న సభ ఆమోదం అవసరం లేకపోయింది.

ఇప్పుడు చూడాల్సింది

2025 చివరికి 369 వార్డులు ఖరారైనా, ఎన్నిక ప్రకటన వచ్చేలోపు దాటాల్సిన మెట్టుగా రిజర్వేషన్ల జాబితా మిగిలింది. వెనుకబడిన వర్గాల రిజర్వేషన్‌కు ప్రత్యేక కమిషన్ లెక్క ఆధారం కావాలని, మొత్తం 50 శాతం దాటకూడదని సుప్రీంకోర్టు 2021లో వికాస్ గవళి కేసులో చెప్పింది. కర్ణాటకలో సగం సీట్లు మహిళలవి. 2022లో జాబితా కోర్టులో నిలవకపోవడం వల్లే ఎన్నిక ఆగింది కాబట్టి ఈసారి జాబితాను ఎంత జాగ్రత్తగా తయారు చేస్తారన్న దాన్ని బట్టి ప్రభుత్వ చిత్తశుద్ధిని కొలవవచ్చు. లోపాలతో కూడిన జాబితా ఇవ్వడం కూడా వాయిదా వేయడమే.

ఎన్నిక జరిగాక కౌన్సిళ్ల మొదటి బడ్జెట్ సమావేశాలు ముఖ్యం. జీబీఏ కింద రూపొందే కొత్త మాస్టర్ ప్లాన్ ఇంకా ముఖ్యం. బెంగళూరు ఇప్పటికీ 2007లో ఆమోదించిన ప్లాన్ మీదే నడుస్తోంది. 2031 కోసం తయారైన ముసాయిదా వెనక్కి పోయింది. 2022 సెప్టెంబర్‌లో ఔటర్ రింగ్ రోడ్డు, మహదేవపుర లేఅవుట్లు నీట మునిగాయి. రాజకాలువల (వాన నీరు పోయే పెద్ద కాలువల) మీద కట్టడాలను ఏ కాగితం అనుమతించిందో అప్పుడు అందరూ వెతికారు. అలాంటి కాగితాలు తయారయ్యే చోట అభ్యంతరం చెప్పే గడువు ప్రతిసారీ చిన్నదిగా ఉంటుంది, చెప్పేవాళ్లు ఇంకా తక్కువ మంది ఉంటారు.

బెంగళూరు తెలుగు వాళ్ల ఇళ్లలో ఇంకో పని మిగిలి ఉంది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఓటు ఒక్క చోటే ఉండాలి, మామూలుగా నివసించే చోట ఉండాలి. పదిహేనేళ్లుగా ఇక్కడే పిల్లల్ని చదివించుకుంటూ, ఇక్కడే పన్ను కడుతూ, ఓటు మాత్రం అనంతపురంలోనో చిత్తూరులోనో ఉంచుకున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. ఊరితో ఉన్న బంధం దీనికి కారణం, దాన్ని తప్పు పట్టలేం. కానీ వార్డు ఓటర్ల జాబితాను ఇక్కడి అసెంబ్లీ జాబితా నుంచే తీస్తారు. అందులో పేరు లేని మనిషి ఈస్ట్ కార్పొరేషన్‌లోని 50 మందిలో ఏ ఒక్కరికీ ఓటరు కాడు. ఇల్లు సొంతమా అద్దెదా అన్నది దీనికి అడ్డు కాదు. ఫారం 8 నింపి పాత ఊరి ఓటును ప్రస్తుతం ఉంటున్న చిరునామాకు మార్చుకోవచ్చు. మొదటిసారి నమోదయ్యే పిల్లలకు ఫారం 6. జాబితా ముసాయిదా బయటికి వచ్చినప్పుడు పేరు పక్కన ఉన్న వార్డు సంఖ్యను కూడా చూసుకోవాలి. హద్దులు మారాయి కాబట్టి, 2015లో ఓటేసిన వార్డు చాలామందికి ఇప్పుడు లేదు.